చెల్లికి తగలని దెబ్బ

పోయిన నెల్లో ఒక బడి వార్షికోత్సవానికి పిలిచి, పిల్లల కథలు రాసే పెద్దావిడనని నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. పిల్లలు నాటకం వేశారు. అందులో చంకకర్రలతో నడిచే ఒక పిల్ల బుద్ధిగా ఉన్నందుకు దేవత ప్రత్యక్షమై తలమీద చెయ్యి పెట్టగానే, ఆ పిల్ల కర్రలు అవతల పారేసి గంతులు వేసింది. హాలంతా చప్పట్లు. నా పక్కావిడ కళ్లు కూడా తుడుచుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయి, శాలువా కప్పేదాకా ఆగకుండా లేచి వచ్చేశాను. ఈ వయసులో అంత కోపమేమిటని మా అమ్మాయి విసుక్కుంది. ఇది ఇవాళ్టి కోపం కాదు. నేను రచయిత్రినైందే దీనివల్ల.

డెబ్బైల్లో మాట. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారు సొసైటీలో గుమాస్తా. నాకు గోదావరి అవతల, నరసాపురం వైపు ఒక బడిలో టీచరుద్యోగం వచ్చింది. శనివారాలు సఖినేటిపల్లి రేవులో పంటు పడవ దిగి ఇంటికి వచ్చేదాన్ని. చెల్లి నాకంటే బాగా చిన్నది. పసితనంలో జ్వరమొచ్చి, పోలియోతో ఎడమ కాలు చచ్చుబడిపోయింది. అయినా ఆ మోకాలి మీద చెయ్యి ఊనుకుని ఊరంతా తిరిగేది. బడిలో వెయ్యడానికి నాన్నగారు తీసుకెళితే హెడ్మాస్టరుగారు ఎంతో మర్యాదగా, తోటి పిల్లలు ఏడిపిస్తారండీ, ఇంటిపట్టునే చదివించుకోండి అని పంపించేశారు. నాన్నగారు దణ్ణం పెట్టి దాన్ని వెనక్కి తీసుకొచ్చేశారు. ఆ మర్యాద తలుచుకుంటే నాకిప్పటికీ పళ్లు కొరకాలనిపిస్తుంది.

అక్షరాలు నేనే నేర్పాను. వచ్చినప్పుడల్లా పిల్లల పత్రికలు తెచ్చేదాన్ని, ఒక్క రోజులో నమిలేసేది. ఒకసారి మాత్రం పత్రిక పక్కకి తోసేసి అడిగింది: “కథల్లో కుంటివాళ్లు కుట్రలైనా పన్నుతారు, లేపోతే ఆఖర్న బాగైపోతారు. ఊరికే కుంటివాళ్లుగా ఉండరేంటక్కా?”



ఆ వేసవి సెలవుల్లోనే జామకాయల గొడవ జరిగింది. మా వీధి చివర ఒక మామ్మగారి దొడ్లో జామచెట్టు విరగకాసింది. వీధి పిల్లలందరికీ పథకం వేసి పెట్టింది చెల్లే. తను మామ్మగారి అరుగు మీద చేరి ఆవిడ మోకాళ్ల నొప్పుల గురించి ఒక్కొక్కటే అడుగుతుంటే, అడిగే దిక్కు దొరికిందని ఆవిడ సంబరంగా చెప్పుకుంటూ పోతుంటే, వెనకాల మిగతావాళ్లు దడి దూకి చెట్టు ఖాళీ చేసేస్తున్నారు. కొమ్మ విరిగిన చప్పుడుకి అందరూ దొరికిపోయారు. మామ్మగారు దడిలోంచి కర్ర లాగి వరసపెట్టి వాయించారు. చెల్లి కూడా వెళ్లి ఆ వరసలో నిలబడి, పథకం నాదేనండి అని చెప్పి మరీ చెయ్యి చాపింది. మామ్మగారు కర్ర దించేశారు.

“నిన్నెలా కొడతానమ్మా, దేవుడే కొట్టేడు కదా” అని, ఏరి ఒక దోరకాయ దాని చేతిలో పెట్టారు.

మా గుమ్మంలోంచి నేను చూస్తూనే ఉన్నాను. దెబ్బలు తిన్నవాళ్లు పిక్కలు రుద్దుకుంటూ, ఒకళ్లనొకళ్లు వెక్కిరించుకుంటూ కాలవగట్టు మీదికి పోయారు. చెల్లి ఆ కాయని కాలవలోకి విసిరికొట్టి, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. అన్నానికి లేవలేదు. మామ్మగారు చెడ్డావిడ కాదు, అందుకే ఆ కోపం ఎవరిమీద చూపించాలో తెలియలేదు. మర్నాడు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. జరిగింది జరిగినట్టే రాసి, ఒక్కటి మార్చాను. నా కథలో మామ్మగారు ఆ పిల్లని కూడా కొట్టారు. చదివి వినిపిస్తే చెల్లి, “అందరికీ రెండేసి దెబ్బలైతే దానికి మూడెయ్యక్కా. పథకం దానిదే కదా” అంది. మూడు వేశాను.

ఒక పిల్లల పత్రిక వాళ్లు వేసుకున్నారు. పోస్టులో ప్రతి వస్తే ఇంట్లో పండగే. తీరా తెరిచి చూస్తే, నా పేరు కింద, ఆ పిల్ల దొంగతనానికి ఏడ్చి పశ్చాత్తాపపడుతుంది, దేవత వస్తుంది, కాలు బాగైపోతుంది. దెబ్బల్లేవు. అమ్మ మురిసిపోయి ఆ పత్రిక చర్చికి పట్టుకెళితే, పాస్టరుగారు దేవతని దేవదూతగా మార్చి పిల్లలందరికీ చదివి వినిపించారు. చాప మీద కూర్చున్న చెల్లి కాలువైపు అందరి తలలూ తిరిగాయి. అది పరికిణీ కిందికి లాక్కుంది. ఇంటికొచ్చే దారిలో, “కాలు బాగవకపోతే కథ అచ్చెయ్యరా అక్కా?” అని మాత్రం అడిగింది.

ఆ వారమే సెలవు పెట్టి, బస్సెక్కి పత్రికాఫీసుకి పోయాను. సంపాదకులుగారు కాఫీ తెప్పించారు. నేను కృతజ్ఞతలు చెప్పుకోవడానికి వచ్చాననుకున్నారు పాపం.

“పిల్లల కథ కదమ్మా, ఆఖర్న సంతోషం ఉండొద్దూ?” అన్నారు.

“ఆ పిల్ల సంతోషంగానే ఉందండి. దెబ్బలు తిని.”

ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. లోకం తెలియని పల్లెటూరి టీచరమ్మ అనుకుని నవ్వారు. కాఫీ ముట్టకుండా వచ్చేశాను.

కథలు రాయడానికి ప్రేరణ ఏమిటని సభల్లో అడుగుతుంటారు. గోదావరి, కొబ్బరితోటలు అంటానేమోనని ఎదురుచూస్తారు. నాచేత రాయించింది ఆ నవ్వండీ. ఏళ్ల తరబడి, సాయంత్రం బడి వదిలాక, అల్లరిపిల్లల కథలే రాశాను, ఎవరి కాలూ బాగుచెయ్యకుండా. తిరిగొచ్చినవే ఎక్కువ. చివరికి ఎనభైల్లో అమలాపురంలో ఒక చిన్న ప్రెస్సాయన అక్షరం మార్చకుండా పుస్తకం వేశారు. అప్పటికి చెల్లి మా వీధిలో కుట్టుమిషను పెట్టుకుని తన కాళ్ల మీద తను నిలబడింది. మొదటి ప్రతి ఇస్తే మిషను ఆపి, జామకాయల కథ ఆఖరి పేజీలో మూడు దెబ్బలూ ఉన్నాయో లేదో చూసుకుని, జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లని ఆపేసి మరీ చదివి వినిపించింది.

చెల్లి పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు మాటలు మారాయి, ఎవరూ కుంటి అనరు, గౌరవంగా పెద్ద పేరే పెట్టారు. మొన్న ఊరెళ్లినప్పుడు చూశాను, బడి మెట్ల పక్కన వాలుగా సిమెంటు దారి కూడా కట్టారు. ఆ దారి నిండా మోటారు సైకిళ్లు నిలబెట్టుకున్నారు. చిన్నప్పటి చెల్లే అక్కడుంటే వాటన్నిటికీ గాలి తీసేసి, దొరికిపోయి, ఏమంటారోనని మొహంలోకి చూస్తూ నిలబడేది. ఇప్పుడైనా గట్టిగా తిట్టేవాళ్లో, పాపమని వదిలేసేవాళ్లో.