ఉదయగిరి కోటలో దెయ్యం కట్టిన చీర

తొంభైల్లో నేను నెల్లూరులో ఉద్యోగం చేసేవాణ్ణి. నా భార్య పోయిన మరుసటి ఏడాది అది. సాయంత్రాలు గడవక ఏ సినిమా అని కూడా చూడకుండా హాల్లో దూరేవాణ్ణి. అలా ఒక దెయ్యం సినిమా చూశాను. పేరు చెప్పినా ఎవరికీ గుర్తుండదు లెండి. పెళ్లికి ముందురోజు ఒక పిల్లను కోట మీద నుంచి తోసేస్తారు. అప్పటి నుంచి ఆ పిల్ల తెల్లచీరలో కోట మెట్ల మీద నిలబడి ఉంటుంది. ఎవరి పీకా పిసకదు, ఎవరి వెంటా పడదు, వచ్చేపోయేవాళ్లను చూస్తూ ఉంటుంది, అంతే. ఆత్మ చీరలోనే ఉందని మంత్రగాడు చెబితే, చివర్లో హీరో ఆ చీరను తగలబెట్టి ఆమెకు విముక్తి ఇస్తాడు. హాలంతా కేకలు, ఈలలు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఖాళీ ఇంటి తాళం తీసేటప్పుడు నేనూ అలాగే ఉంటాననిపించింది. ఆ కోట ఉదయగిరిదేనని ఆఫీసులో ఎవరో చెప్పడంతో, ఒక శనివారం సెలవు పెట్టి బయలుదేరాను.

తెల్లవారగానే నెల్లూరులో బస్సు ఎక్కితే సంగం, ఆత్మకూరు మీదుగా ఎండ ముదిరే వేళకు ఉదయగిరిలో దిగుతారు. సంగం దాకా కిటికీలోంచి వరిపొలాల గాలి వస్తుంది, ఆత్మకూరు దాటాక మెట్ట పొలాలూ కంపచెట్లూ మొదలవుతాయి. ఆత్మకూరు బస్టాండు గోడ మీద అదే సినిమా పోస్టరు కనిపించింది. నెల్లూరులో ఎత్తేసిన బొమ్మ ఇక్కడికి చేరిందన్నమాట. నా పక్క సీటు దారంతా ఖాళీగానే ఉంది. చెక్క గరిటెలు అమ్మే కొట్ల వీధి దాటి కొండెక్కాను. సినిమాలో చూసిన మెట్లు దొరికాయి. వాటి మీద మేకలు పడుకుని ఉన్నాయి. కాసేపు అక్కడే కూర్చుని, మాట్లాడడానికి ఎవరూ లేక దిగొచ్చాను.

కొండ కింద హోటలు నడిపే ఆవిడ భోజనం వడ్డిస్తూ అడిగింది. "ఒక్కరే వచ్చినారా సార్? దెయ్యం సినిమా చూసొచ్చినారా ఏంది?"

అవునన్నాను.

"మెట్లు చూసేదానికి ఇంత దూరమా! దెయ్యాన్నే చూసిపోండి. అంగన్‌వాడీలో పనిచేస్తాది, మా సువార్తమ్మ."

హీరోయిన్ ఎండలో కొండెక్కనందట. దూరం నుంచి తీసే షాట్లకు అదే ఎత్తున్న సువార్తమ్మను నిలబెట్టారట. చర్చి వెనక వీధిలో ఇల్లు, వెతుక్కుంటూ వెళ్లాను. నలభై దాటిన మనిషి, మొహమాటం లేకుండా మాట్లాడింది. "దెయ్యానికి చీర తెచ్చేది మర్చిపోయినారు సార్. తెల్లచీర యాడన్నా ఉండాదా అని వీధంతా అడిగినారు. మాలో పెళ్లికూతురు కట్టేది తెల్లచీరే కదా, ప్రతి ఇంటి పెట్టెలో ఒకటుంటాది. మా అమ్మది ఇచ్చినాను. దగ్గరగా తీసేటప్పుడు హీరోయిన్‌కి కూడా అదే కట్టాలంట. మద్రాసుకు తీసకపోయి, మళ్లీ పంపిస్తామన్నారు. ఇంతవరకూ రాలా."

లోపల మంచం మీద ఆమె తల్లి దీనమ్మ పడుకుని ఉంది. తాను పోయినప్పుడు ఆ పెళ్లిచీరలోనే పూడ్చాలని ఎప్పటి నుంచో చెబుతోందట. పైగా ఆ చలికాలం నుంచి ఒంట్లో బాగుండడం లేదు.

తెర మీద చూసిన చీర గుర్తొచ్చి అడిగాను. "కొంగున నీలం పూలు కుట్టి ఉంటాయా?"

"అవును. చర్చి మిషను దొరసాని నేర్పిస్తే అమ్మే కుట్టుకునింది. మీకెట్ట తెలుసు?"

ఆఖరి సీనులో మంట ఆ పూలను అందుకోవడం తెర నిండా చూపిస్తారు. ఆమెను వాకిట్లోకి పిలిచి చెప్పేశాను. సువార్తమ్మ లోపలికి వినబడకుండా తలుపు దగ్గరికి వేసింది. "ఇదిగో వస్తాది, అదిగో వస్తాదని అమ్మకి చెప్తానే ఉండాను సార్" అంది.

ఇంతలో లోపలి నుంచి దీనమ్మ పిలిచింది. సినిమా ఆత్మకూరులో ఆడుతోందని ఆమెకు అప్పటికే ఎవరో చెప్పారట. "నన్ను తీసకపోండి" అంది. సినిమా పాపమని నమ్మి, హాలు గడప తొక్కని మనిషి. అదే గుర్తు చేసింది కూతురు.

"సినిమాకి కాదులేవే. నా చీర చూసుకునేదానికి."

కాలేది మాత్రం చూడనివ్వకూడదని, మంత్రగాడు రాగానే లేచి వచ్చేద్దామని మేమిద్దరం అనుకున్నాం. మధ్యాహ్నం బస్సుకు ముగ్గురం ఆత్మకూరు వచ్చాం. రాత్రికి వాళ్లు పడుకోవడానికి అక్కడ చుట్టాలిల్లు ఉంది. ఫస్ట్ షోకి కుర్చీ టిక్కెట్లు తీసుకుని, పెద్దామెను చెరో చెయ్యి పట్టి కూర్చోబెట్టాం.

తెర మీద తెల్లచీర కనబడగానే హాలంతా కెవ్వుమంది. దీనమ్మ మొహం మాత్రం విప్పారింది. "అద్దో, నా చీర! కుచ్చిళ్లు పెట్టేది కూడా తెలీదు ఆ పిల్లకి" అని నవ్వింది. కాసేపటికి నా వైపు వంగి మెల్లగా అడిగింది. "పెళ్లిచీర కట్టుకోని ఒక్కతే నిలబడుండాదే నాయనా, ఆ బిడ్డకి ఎవురూ లేరా?"

నెల్లూరులో నాకెందుకు ఏడుపొచ్చిందో అప్పుడు పూర్తిగా తెలిసింది.

మంత్రగాడు వచ్చాడు. "లేయమ్మా, పొద్దుపోయింది" అంది సువార్తమ్మ. దీనమ్మ కుర్చీ చెయ్యి వదల్లేదు. మళ్లీ లేపబోతే "ఉండవే" అని కసిరింది. మంట అంటుకుంది. నీలం పూలు ఒక్కొక్కటే నల్లబడి ముడుచుకుపోయాయి. హాలంతా చప్పట్లు కొట్టింది. సువార్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

బయట రిక్షా కోసం నిలబడినప్పుడు దీనమ్మే కూతురి వీపు నిమిరింది. "ఏడవబాకవే. ఏ చీరలో పోయినా మీ నాయన నన్ను గుర్తుపడతాడు. ఆ బిడ్డనే గుర్తుపట్టేవాళ్లు లేరు. దానికే ఉండనీ ఆ చీర."

వాళ్లను రిక్షా ఎక్కించి నేను నెల్లూరు బస్సెక్కాను. సినిమా తీసినవాళ్లకు తెల్లచీర చావుకు గుర్తు. దీనమ్మకు అది తనను కోరి చేసుకున్న మనిషి ముందు నిలబడ్డ రోజు. దెయ్యం కథ రాసినవాడు హత్య, ఆత్మ, మంత్రం అన్నీ రాశాడు కానీ, ఆ పిల్ల మెట్ల మీద ఎవరి కోసం నిలబడిందో రాయలేదు. తనను గుర్తుపట్టే ఒక్క మనిషి కోసమేనని నాకనిపించింది. దారి పొడుగునా నా భార్య మొహం తలుచుకుంటూ కూర్చున్నాను. ఆమె పోయాక ఏడుపు రాకుండా ఆమెను తలుచుకోగలగడం అదే మొదటిసారి.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. కోటకు ఒంటరిగా వెళ్తే, కొండ కింద హోటల్లో మీ పేరు చెప్పి ఎక్కండి. పొద్దుగూకినా దిగకపోతే, పేరు పెట్టి పిలుస్తూ వెతకడానికి ఒకరుంటారు.