చిన్నపిల్లల బెల్లు ముందు కొట్టించిన రోజు

ఆదోనిలో ట్రాఫిక్ ఆపడానికి పత్తి ట్రాక్టర్లు, ఆటోలు, ఆవులు చాలవన్నట్టు ఒకరోజు నేను కూడా నా వంతు సాయం చేశాను. ఒక్క బెల్లుతో సగం ఊరిని నిలబెట్టేశాను. నవ్వుకోండి, కానీ మెల్లగా. ఆ బడిలో నాకింకా పరువుందనే అనుకుంటున్నాను.

అప్పుడు నేను కొత్త లెక్కల మాస్టారిని. ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చేవాణ్ణి. మా బడి గేటు నేరుగా మార్కెట్ యార్డుకు పోయే రోడ్డు మీదికే తెరుచుకుంటుంది. సాయంత్రం నాలుగింటికి పిల్లలంతా ఒక్కసారి బయటపడితే, ఎదురుగా పత్తి బస్తాల ట్రాక్టర్లు. ఏదో ఒకరోజు ఏ పిల్లకో ఏదో అవుతుందని మా హెచ్చెమ్ మేడమ్ బెంగపడేవారు.

నేనున్నానుగా. చిన్న తరగతులకు నాలుగింటికి, పెద్ద తరగతులకు నాలుగుంబావుకు బెల్లు కొట్టిద్దాం, గుంపు సగమైపోతుంది అన్నాను. బోర్డు మీద గీసి మరీ చూపించాను. మేడమ్ సరేనన్నారు. ఆమె తప్పేం లేదు, నేను గీసిన బొమ్మ అంత బాగుంది.

మొదటి బెల్లు మోగింది. చిన్నవాళ్లంతా గేటు బయటికొచ్చి అక్కడే నిలబడిపోయారు. వాళ్ల అక్కలూ అన్నలూ ఇంకా లోపలే ఉన్నారు మరి. వాళ్లు రాకుండా ఆటోలు కదలవు, అమ్మానాన్నల బండ్లూ కదలవు. వాటి వెనక ట్రాక్టర్లు, ఆ వెనక మంత్రాలయం బస్సు. హారన్ల మధ్య నేను చేతులూపుతుంటే, ఆటో కోసమనుకుని ఒక ఆటో ఆయన నన్ను ఎక్కమన్నాడు కూడా.

అంతలో ఒకటో తరగతి రేష్మా, అక్క కోసం చూసి చూసి, ఒక్కతే రోడ్డు మీదికి దిగింది. ట్రాక్టర్ చక్రం ఆ పిల్ల కంటే ఎత్తు. నవ్వులాట అక్కడితో ఆగిపోయింది నాకు. పరుగెత్తి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. ఆ పిల్ల ఏడవలేదు.

“సార్, మా అక్క వచ్చేదంక ఇడిసిపెట్టొద్దు” అంది.

విడవలేదు. అది చూసి మిగతా చిన్నవాళ్లంతా వచ్చి నా వేళ్లు, చొక్కా, బెల్టు, ఎవరికి దొరికింది వాళ్లు పట్టుకున్నారు. రెండో బెల్లు మోగేదాకా బట్టలారేసిన దండెంలా నిలబడ్డాను.

మా పిల్లల్ని తీసుకుపోయే ఆటో మస్తానన్న దగ్గరికొచ్చి నిమ్మళంగా అన్నాడు: “తరగతులు సూసి బెల్లు కొట్టిస్తిరి సార్. ఇండ్లు సూసి కొట్టియ్యల్ల గదప్పా.”

మర్నాడు ఆయన చెప్పినట్టే చేశాం. ఆటోలు రోడ్డు అవతల వీధి చివర ఖాళీ జాగాలో ఆగాయి. బెల్లు ఒక్కటే. ఒక్కో ఆటో పిల్లలు ఒక్కో జట్టుగా, చిన్నవాళ్ల చేతులు పెద్దవాళ్లు పట్టుకుని, వంతులవారీగా రోడ్డు దాటారు. ట్రాక్టర్లు కూడా ఆ కాసేపు ఓపిక పట్టాయి.

చివరి జట్టు రేష్మావాళ్లది. నా బస్సుకు వేళవుతోందని నేనూ వాళ్ల పక్కనే రోడ్డు దిగబోయాను. రేష్మా నన్ను కిందినుంచి పైకి జాలిగా చూసి, వాళ్లక్కను అడిగింది.

“సార్‌కి అక్క ల్యాదా?”

అడుగుతూనే నా వేలు పట్టుకుంది. “రాండి సార్, నేనుండాను గదా.”

హెచ్చెమ్ మేడమ్ గేటు దగ్గర నిలబడి చూస్తుండగా, ఈ లెక్కల మాస్టారు ఒకటో తరగతి పిల్ల వేలు పట్టుకుని క్షేమంగా అవతలికి చేరాడు. చేరిన వెంటనే, కళ్లు ఎందుకు చెమర్చాయో ఎవరూ అడక్కముందే, ట్రాక్టర్లూ ఆటోలూ సాక్షిగా ఒట్టేసుకున్నాను. ఈ జన్మలో అక్కనూ చెల్లెల్నీ విడదీసే బెల్లు కొట్టించను గాక కొట్టించను.