‘లాణీ’ అంటే వచ్చే మేక

పిల్ల మాట తప్పుగా పలికినా మనం వెంటనే బదులివ్వాలా, సరిగా అనేదాకా ఆగాలా? ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది. దీన్ని అడగదగిన మనిషి, చండ్రుగొండలో మా పక్కింటి పెద్దమ్మ, మొన్న ఆదివారం చర్చికని చీర కట్టుకుని, వాకిట్లో కూర్చుని, అలాగే కన్నుమూసింది.

మా పాపకు నాలుగేళ్లు దాటినా ‘ర’ పలికేది కాదు. కూర ‘కూల’, రాయి ‘లాయి’. బడిలో పిల్లలు నవ్వుతుంటే మాట్లాడటమే మెల్లమెల్లగా తగ్గించేసింది. నా భయమంతా అదే. ఖమ్మంలో స్పీచ్ థెరపిస్టు, “పాఠంలా వద్దమ్మా, ఇంటి పనుల్లో కలిపి పలికించండి” అన్నారు. నేను ఆ పనుల్నే పాఠం చేశాను. ‘బీరకాయ’ అని సరిగా అంటేనే బీరకాయ చేతికిచ్చేదాన్ని. పాప కూరగాయల బుట్ట దగ్గరికి రావడమే మానేసింది.

“పిల్లతోని మాట్లాడుతున్నవా, పరీక్ష పెడుతున్నవా బిడ్డా?” అంది పెద్దమ్మ. తమ మిర్చి కల్లానికి పాపను కాపలా పెట్టింది.

“మేకలొస్తే నాలుక ఆడించి ‘హుర్ర్ర్’ అనాలె. నాకు పండ్లూడినయ్, గాలే పోతాంది. నువ్వనరాదే!”

పాప అనబోతే తుంపర్లే వచ్చాయి. “ఓయమ్మో, మేకలు పోలే గానీ మిరపకాయలు తడిసినయే!” ఇద్దరూ ఒకటే నవ్వు.

అప్పుడే పుట్టిన తమ మేకపిల్లకు పెద్దమ్మ పాప కోసమే ‘రాణి’ అని పేరు పెట్టింది. పాప “లాణీ” అనగానే అది గంతులేస్తూ వచ్చేది. “అవ్, రాణే. రాణికి రొట్టె పెడదాం రా” అనేది పెద్దమ్మ. తప్పు అని ఒక్కనాడూ అనలేదు.

“తప్పుగా పిలిచినా వస్తుంటే ఇంక నేర్చుకునేదెప్పుడు పెద్దమ్మా?” అన్నాను.

“పిలిస్తే రాకపోతే మల్ల పిలుస్తదా?”

నాకు నచ్చలేదు. ఇంట్లో నా పద్ధతి నాదే. ఒక మధ్యాహ్నం కల్లం నుంచి ‘హుర్ర్ర్’ అని గట్టిగా వినబడింది. ఎవరో పెద్దవాళ్లే అనుకున్నాను. తిరిగి చూస్తే, కల్లంలో పాప ఒక్కతే ఉంది; పెద్దమ్మ నా పక్కనే బియ్యం ఏరుతూ నవ్వుతోంది.

మొన్న పెద్దమ్మ సమాధి కార్యక్రమం అయ్యాక ఆ ఇంటికి వెళ్లాం. ముసలిదైపోయిన రాణి మేత ముట్టకుండా దడి వారన నిలబడి ఉంది. ఇప్పుడు బడిలో ప్రార్థన చదివే మా పాప “రాణీ” అని పిలిచింది. అది తల తిప్పలేదు. పాప ఒకసారి నా వైపు చూసి, “లాణీ” అంది. మేక మెల్లగా నడిచొచ్చి, ఆ అరచేతిలో మూతి పెట్టింది.

పాపకు ఆ అక్షరం నేను ఆగినందుకు వచ్చిందో, పెద్దమ్మ ఆగనందుకు వచ్చిందో, వయసు వచ్చి అదే వచ్చిందో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.