మేవిస్ తొట్టిలో బుడగలు

భూమ్మీద ఎక్కడ నీటిలో బుడగ పుట్టాలన్నా మా తాత ఆర్విల్ స్ట్రౌడ్ అనుమతి తీసుకోవాల్సిందే. సముద్రంలో చేపలు కూడా ఆయన్ని అడిగే గాలి వదులుతాయి. హెమెట్ ఊళ్లో పెరటి వేడినీళ్ల తొట్టెలు బాగుచేయడం నలభై ఏళ్లుగా ఆయన పని. అందులోనూ తొట్టి అడుగు నుంచి గాలి ఊదే బ్లోయర్ అంటే కన్నకూతురికన్నా ఎక్కువ. అనుమానముంటే ఆ కూతుర్నే అడగండి, మా అమ్మే.

ఈ పనివాళ్లంతా చెవితో పనిచేస్తారు. మీట నొక్కి, తల వంచి వింటారు. ఉలుకూ పలుకూ లేకపోతే మీట పోయినట్టు. గుయ్యిమన్నా తిరక్కపోతే మోటారు బిగుసుకున్నట్టు. సన్నగా కీచుమంటే గాలి అందనట్టు. తాతకేమో నిరుటి చలికాలం నుంచి రెండు చెవులూ సున్నా.

ఆయన గిరాకీ అంతా గేటున్న ఒకే పేటలో, అందరూ ముసలివాళ్లే. పనివాడు లోపలికి రావాలంటే ఆ పేట సంఘం ఇచ్చిన కార్డుండాలి. అది పోతే తాతకు పనే లేదు.

చెవిటివాడికి ఈ పనేంటని ఆ కార్డు లాగేయాలని పట్టుబట్టింది ఆ పేటలోనే ఉండే మేవిస్ డెట్వైలర్. తొట్టి చెడిందని తాతనూ, చూడమని సంఘం పెద్ద క్లైడ్‌నూ తన పెరట్లోకి పిలిచింది. వాళ్లు రాకముందే బ్లోయర్ గాలి పీల్చే చోట ఒక ఉన్ని మేజోడు కుక్కింది.

"ఏమయ్యా ఆర్విల్! బుడగలు రావట్లేదు, కాస్త విని చెప్పు!" అని అరిచింది. క్లైడ్ వైపు తిరిగి, "వీడికన్నా గోడ నయం. తడితే టక్కుమనైనా అంటుంది," అంటూ పగలబడి నవ్వింది.

తాతకు మాట అందలేదు. నవ్వే నోరు మాత్రం కనబడింది.

మీట నొక్కి, మోకాళ్ల మీద కూర్చుని బ్లోయర్ గాలి పీల్చే చోట అరచెయ్యి అడ్డం పెట్టాడు. గాలి లాగడం లేదు. మూత చీలికల్లోంచి ఎర్ర ఉన్ని కనబడింది. లేచి మోకాళ్లు దులుపుకున్నాడు.

"మీట ఆపకమ్మా. వేడెక్కితేగానీ రోగం బయటపడదు. ఈలోగా నిమ్మరసం ఉంటే ఇయ్యి," అని కుర్చీలో కూలబడ్డాడు.

ఈ మోటార్లు తాము పీల్చే గాలితోనే చల్లబడతాయి. వేడెక్కితే దానంతటదే ఆగే ఏర్పాటు మేవిస్ పాత మోటారుకు లేదు. తాత గ్లాసు సగం అయ్యేసరికి కమురు వాసన మొదలైంది. మేవిస్ మొహం పాలిపోయింది. తనే మీట ఆపితే ఎందుకని క్లైడ్ అడుగుతాడు, చెబితే గుట్టు రట్టవుతుంది.

"చాల్లే ఆర్విల్, ఆపెయ్!"

"ఏంటమ్మా?"

"ఆపమంటున్నా!"

"వినబడట్లేదమ్మా," అని ఇంకో గుక్క తాగాడు.

పొగ లేచింది. మోటారు ఒక్కసారి వణికి చచ్చిపోయింది. అప్పుడు తాత తీరిగ్గా మూత విప్పి, మాడిన మేజోడు తీసి క్లైడ్ చేతిలో పెట్టాడు.

క్లైడ్ అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది మీ ఆయనది కదూ మేవిస్? పోయేముందు ఆసుపత్రిలో తొడుక్కున్నది?"

పొద్దున్నే ఆ బుడగల్లో కూర్చోకపోతే మేవిస్ మోకాళ్లు వంగవు. కొత్త మోటారుకు ఆరు వారాలు పడుతుందని తాత చెబుతుంటే, తొట్టి అంచు పట్టుకుని ఏడ్చింది. కార్డు తాత దగ్గరే ఉంది.

"మొదటి నిమిషంలోనే తెలిసింది కదా తాతా, తీసేసి ఉండొచ్చుగా?" అని ఇంటికొచ్చాక చీటీ మీద రాసి చూపించాను.

"నవ్వింది," అన్నాడు. "నువ్వు కూడా నవ్వి చూడు, చెబుతా."