ఇనుపన్న కథను నేను మార్చి చెప్పిన రోజు

ముందే చెప్తున్నాను, తప్పులుంటే మన్నించండి. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని... నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఈ కాగితం చూసి ఫోన్‌లో టైపు చేసి పెడతానని పక్కింటి పవిత్ర అంది. పాపం, తనకు ఎంత అర్థమవుతుందో ఏమో...

మా చిన్నప్పుడు ఆదివారం పొద్దున నాకు ఒకటే ధ్యాస. తార్నాక పక్కనే యూనివర్సిటీ లేడీస్ హాస్టల్లో అమ్మ ఊడ్చే పని చేసేది. అమ్మ వెంట వెళ్లి టీవీ గది గడప దగ్గర కూర్చునేదాన్ని. అంతరిక్ష నౌక సీరియల్ ఒకటి వచ్చేది, తెలుగు మాటలతో... అందులో ఒక మరమనిషి ఉండేవాడు. యూనివర్సిటీ పనివాళ్లు ఉండే మా క్వార్టర్ల పిల్లలం వాణ్ని ఇనుపన్న అనేవాళ్లం.

క్వార్టర్లలో ఎవరింట్లోనూ ఆ ఛానల్ వచ్చేది కాదు. సోమవారం సాయంత్రం నల్లా దగ్గర బిందెలు వరసలో పెట్టి, పిల్లలంతా నా చుట్టూ చేరేవాళ్లు... నేను కథ చెప్పాలి. బడిలో పేరు పిలిస్తే పలకడానికి గొంతు పెగలని నేను, అక్కడ మాత్రం నీళ్లు వచ్చేదాకా ఆపకుండా చెప్పేదాన్ని. ఈ పిల్ల చూసింది చూసినట్టు చెప్తుందని వాళ్లకు నమ్మకం. నాకున్న మంచి పేరు అదొక్కటే.

చలికాలం మొదట్లో ఇనుపన్న చచ్చిపోయాడు. నౌకలో కరెంటు అయిపోతుంటే, చిన్నపిల్లలున్న గదికి గాలి అందాలని తన ఛాతీలో బ్యాటరీ తీసి ఇచ్చేశాడు. అది చెప్పిన రోజు బిందెలు నిండి పొర్లినా ఎవరూ లేవలేదు... డ్రైవర్ గారి బిడ్డ సలోమి అందరికంటే ఎక్కువ ఏడ్చింది.

ఆ తర్వాత క్రిస్మస్‌కు ప్రత్యేక భాగం వేస్తామన్నారు. నెల రోజులు ఎదురుచూశాం.

ఏం చెప్పమంటారు... ఇనుపన్న నవ్వుకుంటూ లేచి వచ్చాడు. ఎలా లేచాడో ఒక్క ముక్క లేదు. రెండు గ్రహాలను కాల్చిన దుర్మార్గుడు మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు. అందరూ కేకు కోసి డ్యాన్స్ చేశారు. ఆ నౌకలో నీళ్లు చెంబు లెక్కన పంచుకుంటారని వాళ్లే చూపించారు కదా... ఆ రోజు మాత్రం లోపల మంచు కురిసింది. అన్ని నీళ్లు ఎక్కడివి?

"ఏందే గిది, పెండ్లి వీడియో లెక్క ఉన్నది" అని నవ్వుకుంటూ హాస్టల్ అక్కలు సగంలోనే లేచి వెళ్లిపోయారు. నాకు నవ్వు రాలేదు. ఇంటి దాకా ఏడ్చుకుంటూ నడిచాను.

సోమవారం నల్లా దగ్గర పిల్లలు ఎప్పటికంటే ముందే వచ్చి కూర్చున్నారు. ఆ చెత్త చెప్పడానికి నాకు నోరు రాలేదు... మార్చేశాను.

మా క్వార్టర్లలో సాయంత్రమైతే వోల్టేజీ పడిపోయేది. ఎవరింట్లోనైనా ప్రార్థనో వ్రతమో ఉంటే, వాళ్ల ట్యూబులైటు వెలగాలని మిగతా ఇళ్లవాళ్లు తమ బల్బులు, ఫ్యాన్లు ఆపేసి బయట కూర్చునేవాళ్లు. నా కథలోనూ అదే జరిగింది. పండుగ పూట నౌకలో ఒక్కొక్కరూ తమ గది దీపం ఆపేశారు. కెప్టెన్ కూడా ఆపేశాడు. మిగిలిన కరెంటంతా ఇనుపన్నకు పోయింది. వాడు కళ్లు తెరిచి, "పిల్లలు మంచిగున్నరా?" అని అడిగాడు. ఉన్నారని చెప్పారు. మళ్లీ కళ్లు మూసుకున్నాడు... అంతే.

పిల్లలు లేచి మెల్లగా బిందెలు ఎత్తుకున్నారు.

సలోమి ఆ రోజు లేదు. పండుగకు వారాసిగూడలో మేనత్త ఇంటికి వెళ్లింది. బుధవారం వచ్చి, అందరి ముందు బిందె ఠక్కున కింద పెట్టింది.

"ఎందుకే అబద్ధాలు చెప్పినవ్? మా అత్త ఇంట్ల నేను చూసిన. ఇనుపన్న లేచిండు, కేకు తిన్నడు, డ్యాన్స్ చేసిండు. నువ్వు చెప్పింది ఒక్కటి లేదు."

అందరూ నా వైపు చూశారు. ఇప్పుడు నోరు తెరవకపోతే ఇక నా మాట ఎవరూ వినరు...

"అవ్, నేనే మార్చిన" అన్నాను.

"ఓహో, పెద్ద డైరెక్టరమ్మ. టీవోళ్లకు తెల్వదు, నీకే తెలుసు."

"నువ్వే చెప్పు సలోమీ. బ్యాటరీ తీసిచ్చిండు కదా. పండుగొచ్చిందని ఉత్తగనే లేస్తడా? గట్ల లేస్తే, ఆ రోజు మనం ఏడ్చింది ఉత్తదేనా?"

సలోమి బిందె అంచు గీకుతూ నిలబడింది.

"అయితే నీ కథల ఎట్ల లేచిండు?"

చెప్పాను. దీపాలు ఆపే చోటికి వచ్చేసరికి తను కింద కూర్చుంది. "పోయినేడు మా ఇంట్ల ప్రార్థనకు మీరు ఆపినట్టే" అంది మెల్లగా. అయిపోయాక లేచి, "రేపటి సంది ఎవ్వరడిగినా ఇదే కథ. కేకు సంగతి ఎవరన్న ఎత్తితే చూడుండ్రి" అని అందరికీ వేలు చూపించింది.

మరుసటి ఏడు క్వార్టర్లకు కేబుల్ వచ్చింది. క్రిస్మస్‌కు అదే భాగం మళ్లీ వేశారు. సలోమి వాళ్లింట్లో పదిమందిమి ఇరుక్కుని చూశాం. ఇనుపన్న డ్యాన్స్ మొదలుపెట్టగానే, ఎదురింటి ఐదేళ్ల బుజ్జి నా చెయ్యి పట్టి గుంజింది.

"అక్కా, టీవోళ్లు తప్పు చూపిస్తుండ్రు."

గదిలో ఒక్కరు కూడా నవ్వలేదు... "అవ్, తప్పే" అన్నారు అందరూ. జీవితంలో నాకు ఏ పరీక్షలోనూ అంత గెలుపు రాలేదు.

ఇప్పుడు పెళ్లయి ఇదే తార్నాకలో ఉంటున్నాను. ఏ కథ తప్పిపోయినా మా ఆయన ఫోన్‌లో వేలితో వెనక్కి జరిపి చూసేస్తాడు. చూడలేదు, నువ్వు చెప్పు అని పక్కన కూర్చునేవాళ్లే లేరు...

నచ్చని కథను మీరూ ఎప్పుడైనా సరిచేసి చెప్పారా? రాయండి. కూడబలుక్కుని అయినా అన్నీ చదువుతాను.

పవిత్రా, టైపు అయ్యాక ఈ కోడి కెలికిన కాగితం కాల్చెయ్ చెల్లే. కథ మాత్రం ఉండనియ్.