ఒప్పుకోలులో మిగిలిన మాట

మా కోమో నది ఒడ్డున అండెమె నోటికి జడవని మనిషి లేడు. పగలంతా రోడ్డు పక్కన ఉడికించిన కర్రపెండలం అమ్ముతూ లారీవాళ్ళను ఆడిపోసుకునేది. చనిపోయిన పెద్దలను కొలిచే మా బ్విటి గుడిలో మాత్రం, వాళ్ళను కళ్ళకు చూపించే ఇబోగా వేరు తినడానికి వచ్చే కొత్తవాళ్ళకు ఆమే తల్లి. తండ్రి స్థానం ఆమె తమ్ముణ్ణైన నాది. వీణ వాయించడమూ నా పనే.

వేరు తినేముందు మనిషిని వాగు నీళ్ళలో కూర్చోబెడతాం. చేసిన తప్పులన్నీ మా ఇద్దరికీ చెప్పాలి. దాచితే వేరు ప్రాణం తీస్తుందని మా నమ్మకం. చెప్పాక ఆ వేరు చేదు బెరడు పొడి చెంచాలకొద్దీ తినిపిస్తాం. వాంతులు, వణుకు, నిలబడలేని కాళ్ళు. ఆ తర్వాత చనిపోయినవాళ్ళు వచ్చి మాట్లాడతారు.

తొమ్మిదేళ్ళ కిందట బిబాంగ్ అనే లారీ డ్రైవరు వచ్చాడు. పోయిన తల్లిని ఒక్కసారి చూడాలన్నాడు. టైర్లు దొంగిలించిన సంగతి, స్నేహితుడి పెళ్ళాం సంగతి, అన్నీ చెప్పాడు.

"ఇంతేనా? నీ వాలకం చూసి ఇంకా పెద్దవుంటాయనుకున్నాను," అని అండెమె నవ్వింది.

వేరు తిన్న మర్నాడు మధ్యాహ్నం "అమ్మొచ్చింది" అని అతను నవ్వాడు. కాసేపటికే అండెమె ఒళ్ళో అతని గుండె ఆగిపోయింది.

ఏదో దాచాడన్నారు పెద్దలు. నేనూ అన్నాను. ఆ మాట శవం కంటే ముందే అతని ఊరు చేరింది. ఆ పాపంలో నీకూ వాటా ఉండే ఉంటుందని అతని భార్యనూ, కూతురినీ ఊరివాళ్ళు వెళ్ళగొట్టారు.

అప్పటినుంచి అండెమెకు ఇంట్లో ఎవరో వాంతి చేసుకుంటున్నట్టు వినబడేది. గిన్నె తోముతూ ఆగిపోయి, "విన్నావా తమ్ముడూ?" అనేది. నాకేమీ వినబడేది కాదు. కొత్తవాళ్ళను చివర్లో మరో మాట అడగడం మొదలుపెట్టింది: "మందుబిళ్ళలేమైనా మింగుతున్నావా?" నర్సు ఉద్యోగం ఎప్పుడొచ్చిందే నీకు అని ఎగతాళి చేసేవాణ్ణి. బుద్ధిలేనివాణ్ణి.

మొన్న ఎండాకాలంలో పంతొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి వచ్చింది. పేరు ఒయానె, బిబాంగ్ కూతురు.

"మా నాన్న ఏం దాచాడో ఆయన్నే అడగాలి. ఆ దిగులుతోనే మా అమ్మ పోయింది," అంది.

వాగులో కూర్చుని తన చిన్న చిన్న తప్పులు చెప్పింది.

"మందుబిళ్ళలేమైనా?" అని అడిగింది అండెమె.

"లేవమ్మా."

నేను బెరడు పళ్ళెం అందుకున్నాను. అండెమె దాన్ని నా చేతిలోంచి లాక్కుని గట్టుమీద పెట్టింది. తిరిగొచ్చి ఆ పిల్లకు ఎదురుగా నీళ్ళలో చతికిలబడింది.

"ఇప్పుడు నేను చెప్పాలి. నువ్వు వినాలి," అంది.

కొంగుముడి విప్పి, రంగు వెలిసిన ఒక బిళ్ళల అట్ట తీసింది.

"మీ నాన్న పోయాక ఆయన పంట్లాం ఉతుకుతుంటే దొరికింది. గుండె బిళ్ళలు. డాక్టరమ్మనడిగితే, వాటి మీద వేరు తింటే గుండె ఆగిపోవచ్చంది. మేం తప్పులు చెప్పమన్నాం, ఆయన తప్పులే చెప్పాడు. బిళ్ళ మింగడం తప్పని ఎవరనుకుంటారు? మీ నాన్న ఏమీ దాచలేదు తల్లీ. దాచింది నేను. గుడి మూయిస్తారని, జైల్లో వేస్తారని భయపడ్డాను."

నాకు ఆమెను కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఏదో దాచాడని ఊరంతా చాటినవాళ్ళలో నేనూ ఒకణ్ణని వెంటనే గుర్తొచ్చింది.

ఒయానె ఆ అట్టను తిప్పి తిప్పి పేరు చదివింది. తర్వాత లేచి, గట్టుమీది తన సంచిలోంచి అదే పేరున్న ఇంకో అట్ట తీసింది. కొత్తది, సగం బిళ్ళలు వాడినది.

"చెప్తే వెనక్కి పంపేస్తారని చెప్పలేదమ్మా," అంది.

బెరడు పళ్ళెం వాగులో బోర్లించింది నేనే. అండెమె మాత్రం చాలాసేపు ఆ నీళ్ళలోంచి లేవలేదు.