జలసంధి దాటిన పిల్లిగద్ద

మొన్న మా బంధువుల ఫోన్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. ఏదో దేశంలో, వసంతకాలం, రెండు కొండల నడుమ సన్నటి జలసంధి, దాని మీదుగా గుంపులు గుంపులుగా గద్దలు ఉత్తరానికి వలసపోతున్నాయి. గద్దంటే గరుత్మంతుడేనని, కింద మావాళ్లంతా వరసగా దణ్ణాల బొమ్మలు పెట్టారు. ఫోను బల్ల మీద బోర్లించాను. ఇన్నేళ్లయినా మేము మారలేదు.

మావారు నందిగామలో సైన్సు మాష్టారు. చలికాలపు ఆదివారాల్లో నన్ను స్కూటరు మీద జగ్గయ్యపేట దారిలోని బీళ్లకు తీసుకెళ్లేవారు, పత్తిచేల అవతల గడ్డిని రాసుకున్నట్టు, రెక్కలు కాస్త పైకెత్తి పట్టుకుని తేలిపోయే పిల్లిగద్దలను చూపించడానికి. ఫాల్గుణం దాటితే అవి ఉండేవి కావు, ఉత్తరానికి వెళ్లిపోయేవి. శ్రీలంకలో చలికాలం గడిపినవి కూడా ఆ రోజుల్లోనే సముద్రం దాటి ధనుష్కోటి మీదుగా పైకి వస్తాయని ఎక్కడో చదివి, అది కళ్లారా చూడాలని ఆయనకు ఒకటే కోరిక. పక్షుల కోసం అంత దూరమంటే ఇంట్లో నవ్వుతారని, మా పెద్దాడపడుచు రామేశ్వరం యాత్రకు వ్యాను మాట్లాడినప్పుడు మేమూ ఎక్కాం.

ధనుష్కోటి ఇసుకలో ఆయన బైనాక్యులర్స్ పట్టుకుని నిలబడ్డారు. ఏం చూస్తున్నావని అడిగితే గద్దల కోసమని చెప్పక తప్పలేదు. ఎదురుగాలి, మసక ఎండ, సముద్రం మీద ఏమీ లేదు. ఒడ్డున మాత్రం అక్కడే ఉండే గరుడపక్షులు చేపల కోసం తిరుగుతున్నాయి. ఒకటి కనపడినప్పుడల్లా మావాళ్లు "అదిగో గద్ద!" అని కేకేసి చెంపలు వేసుకోవడం, ఆయన ఉలిక్కిపడి తిరగడం, నీరసంగా మళ్లీ సముద్రం వైపు చూడటం.

"ఒరేయ్ తమ్ముడూ, గద్దను చూడ్డానికి ఇంత దూరం రావాలిట్రా? మన చేపల బజార్లో ఎన్ని కావాలి నీకు?" అంది ఆడపడుచు. అందరూ నవ్వారు. డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు. "ఇంకొక్క అరగంట అక్కయ్యా" అని ఆయన బతిమాలడం నాకు ఇప్పటికీ వినబడుతుంది.

చివరికి ఎక్కి ముందు సీట్లో కూర్చున్నారు. వ్యాను కదులుతుండగా నా కిటికీలోంచి, నీళ్లకు బాగా దగ్గరగా, లేత బూడిదరంగు పక్షి ఒకటి రెక్కలు పైకెత్తి పట్టుకుని ఒడ్డుకేసి వస్తూ కనపడింది. "ఏమండీ, గద్ద! గద్ద!" అన్నాను. పొద్దుటి నుంచీ అందరి నోటా అదే మాట; పిల్లిగద్ద అనడం నాకు తోచలేదు. ఆయన తల తిప్పకుండానే "చెంపలేసుకో" అన్నారు. వ్యానంతా మళ్లీ నవ్వింది.

భోజనాల దగ్గర సంగతి చెప్పాను. ముద్ద చేతిలోనే పట్టుకుని "రెక్కలు పైకున్నాయా?" అని అడిగారు. ఉన్నాయన్నాను. "వచ్చే ఏడు మనిద్దరమే వద్దాం" అన్నారు. మరుసటి ఏడు సరిగ్గా ఆ రోజుల్లోనే పదో తరగతి పరీక్షల డ్యూటీ పడింది, ఆ పై ఏడూ అంతే, ప్రతి ఏడూ అంతే. రిటైరయ్యాక మోకాళ్లు. తర్వాత ఆయనే లేరు.

ఈ మధ్య జగ్గయ్యపేట బస్సులో వెళ్తూ ఆ బీళ్లు చూశాను. ప్లాట్లు వేశారు, హద్దురాళ్లకు రంగులు కొట్టారు. ఆ రాళ్ల మీదుగా ఒక పక్షి కిందగా పోయింది, రెక్కలు పైకే ఉన్నాయి. "పిల్లిగద్ద" అన్నాను పైకే. పక్క సీటావిడ తొంగి చూసి, "ఏదండీ, గరుడేనా?" అని చెంపలు వేసుకుంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆవిడ తప్పేం లేదు. ఆ పేరు వింటే తల తిప్పే మనిషి నాకు ఒక్కరే ఉండేవారు.